పిస్టన్ క్రింద నూనెధార

ఎద్దుబండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన వేయుట మన పల్లెలలో తరతరములుగా వచ్చిన అలవాటు. కాల్చిన గడ్డి మసిని ఆముదములో కలిపి, వెదురుగొట్టమున నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొని పోయెడివారు. కందెన ఆరిపోయినచో బండి కిర్రుకిర్రుమని తానే మొరపెట్టుకొనును. బండివాడు దిగి, చక్రము కొంచెము లాగి, నాలుగు చుక్కలు వేసి మరల తోలుకొని పోవును. మోటారుకారు ఇంజనునకు అంతటి ఓపిక లేదు. నూనె అందని ఇంజను మొరపెట్టుకొనుటకును, బిగుసుకొని నిలిచిపోవుటకును నడుమ వ్యవధి మిక్కిలి స్వల్పము.

ఇంతవరకు ఎల్లరెరిగినదే. బండి కందెనకు ఒరపిడి తగ్గించుట ఒక్కటే పని. కారు ఇంజనులోని నూనెకు రెండవ ఉద్యోగము కూడ కలదని అందరికిని తెలియదు. నిప్పును నెత్తిన మోయు పిస్టన్‌ను క్రిందినుండి తడిపి చల్లార్చుట ఆ ఉద్యోగము. ఇది నూనెకు పుట్టుకతో వచ్చినది కాదు. ఒక మహాయుద్ధము, ఎన్నియో కరిగిన పిస్టన్లు, పెక్కుమంది ఇంజనీర్ల పరిశ్రమ నడుమ మెల్లమెల్లగా సంక్రమించినది.

ముందుగా పిస్టన్ పడు బాధ యెట్టిదో తెలిసికొనవలెను. మన శాస్త్రపాఠములలో దీనికి ముషలకమని పేరు. రోకలివలె క్రిందికి మీదికి ఆడునది గనుక ఆ పేరు చక్కగా అమరినది. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగునప్పుడు పిస్టన్ సెకనుకు 133 పర్యాయములు ఆగి వెనుకకు మరలును. దాని తలపై సెకనుకు 33 మారులు మంట లేచును. ఆ మంట వేడిమి 2000 సెంటీగ్రేడు డిగ్రీలను దాటును. పిస్టన్ చేయబడిన అల్యూమినియము 660 డిగ్రీలకే కరుగును. 300 దాటినప్పటినుండియే దాని బలము క్షీణింపనారంభించును. మంట క్షణికమగుటచేతను, వేడి ఎడతెగక బయటికి పోవుచుండుటచేతను పిస్టన్ బ్రతుకుచున్నది. ఆ పోవుట ఏ కారణముచేతనైనను తగ్గినచో దాని ఆయువు తీరినట్లే.

వేడి పోవుటకు దారులు తక్కువ. సిలిండరు గోడల వెనుక నీరు ప్రవహించును. కదలక ఉండు గోడకు నీటి గొట్టము తగిలించుట సులభము. సెకనుకు 133 సారులు తిరుగుడు పడు పిస్టన్‌కు గొట్టము ఎవడు తగిలింపగలడు? కావున పిస్టన్ తలపై పడిన వేడిలో అధికభాగము దాని చుట్టునున్న రింగుల ద్వారా, పలుచని నూనెపొర మీదుగా సిలిండరు గోడకు చేరవలెను. రింగులుండు గాడి సుమారు 250 డిగ్రీలకు మించి కాగినచో అక్కడి నూనె మాడి బొగ్గగును. రింగు గాడిలో అతుకుకొని పోవును. అతుకుకొన్న రింగు వేడిని గోడకు చేరవేయజాలదు. పిస్టన్ మరింత కాగును, నూనె మరింత మాడును. పిస్టన్ల చావులో పెద్దభాగము ఈ విషవలయమునుండి పుట్టినదే.

తొలినాటి ఇంజనులకు ఈ చిక్కు అంతగా తెలియదు. అవి మందముగా నడిచెడివి. వాని పిస్టన్లు పోతయినుముతో చేసినవి. నూనె పైనున్న చిన్న గిన్నెనుండి బొట్లుబొట్లుగా జారెడిది. పంపుతో నూనెను ఒత్తిడిమీద బేరింగులకు పంపు పద్ధతి మోటారుకార్లకంటె ముందు ఆవిరియంత్రములలో పుట్టినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున బెల్లిస్ సంస్థలో పనిచేయు ఆల్బర్ట్ చార్లెస్ పెయిన్ అను నతడు 1890లో దానికి పేటెంటు పొందెను. కార్లవారు మాత్రము చాలకాలము చిమ్ముడు నూనెతోనే సరిపెట్టుకొనిరి. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారునకు నూనె పంపే లేదు. అడుగు తొట్టిలోని నూనెను తిరుగుచక్రము ఎగజిమ్మును. ఒక సన్నని గొట్టము ఆ చిమ్మిన నూనెలో కొంత పట్టి ముందు భాగమునకు జార్చును. నూనెమట్టము తెలిసికొనుటకు ఒకదానిపై నొకటిగా రెండు చిన్న కుళాయిలుండెడివి. క్రింది కుళాయి కారి, పై కుళాయి కారకున్నచో నూనె సరిపోయినదని లెక్క. ఇప్పుడు చూచిన నవ్వు రావచ్చును. కాని ఆ ఏర్పాటుతో కోటిన్నర కార్లు నడిచినవి. చిమ్మిన నూనెలో కొన్ని తుంపరలు పిస్టన్ అడుగునకు తగిలి కొంత వేడిని తీసికొనిపోవుచుండెడివి. ఎవరును కోరని ఉపకారమది. నూనెధార ఆలోచనకు బీజము అందే కలదు.

విమానముల రాకతో పరిస్థితి మారినది. ఫ్రాన్సులో సెగ్యాన్ సోదరులు నిర్మించిన నోమ్ ఇంజను 1909లో ఆకాశమున పేరు తెచ్చుకొనెను. దానిలో క్రాంక్‌షాఫ్టు నిశ్చలముగా నుండ, సిలిండర్లే దాని చుట్టు గిరగిర తిరిగెడివి. గాలి, పెట్రోలు క్రాంక్‌కేసు గుండానే పోవలసియుండుటచే అక్కడ మామూలు ఖనిజతైలము నిలువదు; పెట్రోలులో కలసి పలుచబడును. పెట్రోలునకు సులభముగా లొంగని నూనె యొక్కటే దొరికినది. అది మన ఆముదము! ఆనాడు ప్రపంచమునకు ఆముదపు గింజలను అధికముగా నెగుమతి చేసిన దేశము భారతదేశము. హైదరాబాదు సంస్థానము, మద్రాసు రాజధాని ఆ పంటకు పేరుపడిన ప్రాంతములు. 1918లో అమెరికా ప్రభుత్వము విమానముల కొరకు ఇక్కడి విత్తనములు తెప్పించి తన దక్షిణరాష్ట్రములలో ఆముదపు సాగు చేయించెను. 1909లో లండను నగరపు వేక్‌ఫీల్డు కంపెనీ తన నూనెకు కాస్ట్రాల్ అని నామకరణము చేసినది కూడ అందు కలిపిన ఆముదమునకు ఇంగ్లీషున గల పేరునుబట్టియే. బండి ఇరుసునకు పూసిన నూనె ఆ విధముగా మేఘములలోనికి ఎగసినది.

అయితే నోమ్ ఇంజనులో నూనె తిరిగి తొట్టికి వచ్చు ఏర్పాటు లేదు. సిలిండర్లను తడిపిన ఆముదము కొంత కాలి, కొంత కాలక, పొగతో బయటికి పోయెడిది. వెనుక కూర్చున్న విమానచోదకుడు గంటలకొలది ఆ ఆవిరిని పీల్చెడివాడు. చిన్ననాట ఆముదము త్రాగినవారికి దాని ఫలితమును నేను వర్ణింపనక్కరలేదు. యుద్ధవీరుల చరిత్రలలో ఈ సంగతి అంతగా కనబడదు.

నూనె తక్కువైనచో ఇంజను చచ్చును. నూనె ఎక్కువైనచో మనుష్యులు చావవచ్చునని అదే యుద్ధము నేర్పినది. 1916లో బ్రిటిషువారు రణరంగమునకు దింపిన ట్యాంకులలో 105 అశ్వశక్తిగల డెయిమ్లరు ఇంజనులుండెను. వాని లోపల జారు గొట్టములే కవాటములు. ఆ గొట్టములకు నూనె ధారాళముగా కావలెను. ఎక్కుడు నూనె మంటగదికి చేరి నీలిపొగగా వెడలుచుండెను. మెట్టచాటున నక్కిన ట్యాంకు ఇంజను మొదలిడగానే ఆ పొగ శత్రువుల ఫిరంగులకు ఆనవాలు చూపెడిది. పొగ లేని ఇంజను నిర్మించు భారము హ్యారీ రికార్డో అను యువ ఇంజనీరుపై పడినది. అల్యూమినియము విమానములకు కేటాయింపబడియుండుటచే అతనికి దానిని వాడు అనుమతి లేదు. అతడు పిస్టన్‌ను రెండు భాగములుగా విడదీసెను. మంటను మోయు తల వేరు. ప్రక్క ఒత్తిడిని భరించు జారుడు భాగము దాని క్రింద వేరు. నూనె ఎక్కువగా కావలసిన చోటు మంటకు దూరమైనది. ఇంజను పీల్చు గాలిని ముందుగా ఆ జారుడు భాగము చుట్టును, పిస్టన్ తలక్రిందను త్రిప్పి లోనికి పంపెను. 150 అశ్వశక్తిగల ఈ ఇంజను 1917లో సిద్ధమై, మార్క్ 5 ట్యాంకులలో చేరినది. పిస్టన్‌ను క్రిందినుండి చల్లార్చవలెనను ఆలోచన ఇందు స్పష్టముగా కనబడుచున్నది. చల్లార్చినది గాలియేగాని నూనె కాదు. ఈ ఇంజను పేరు పెక్కు మోటారు చరిత్రలలో ఒక పంక్తికి మించి చోటు పొందలేదు. అంతకంటె ఎక్కువ గౌరవమునకు అది అర్హమని నా అభిప్రాయము.

అల్యూమినియము పిస్టన్ కథ దీనికి సమాంతరముగా నడచినది. డబ్ల్యు. ఓ. బెంట్లీ అను ఆంగ్లేయుడు ఫ్రాన్సునందలి డి.ఎఫ్.పి. కార్లను లండనులో అమ్ముచుండెను. 1913లో ఆ కర్మాగారమునకు పోయినప్పుడు అక్కడి అధికారి బల్లపై కాగితములు ఎగిరిపోకుండ పెట్టిన బరువొకటి అతని కంట బడెను. అది అల్యూమినియముతో పోతపోసిన చిన్న పిస్టన్. ఆటవస్తువుగా చేసినదానిని అతడు నిజముగా ఇంజనులో పెట్టిన నేమని తలచెను. 88 పాళ్లు అల్యూమినియము, 12 పాళ్లు రాగి కలిపిన మిశ్రలోహముతో పిస్టన్లు చేయించి పందెపు కారులో నడిపెను. తరువాత యుద్ధకాలమున బ్రిటిషు విమానపు టింజనులకు ఈ విద్య నందించెను. అల్యూమినియము పోతయినుముకంటె సుమారు మూడింతలు వేగముగా వేడిని ప్రసరింపజేయును. బరువు మూడవ వంతే. అందువలన పిస్టన్ తల చల్లబడినది, వేగము పెరిగినది. కాని ఇనుమునకంటె రెండింతలు వ్యాకోచించుట దీనికున్న దుర్గుణము. కాగినప్పుడు ఉబ్బి గోడను పట్టును. పట్టకుండుటకు సందు వదలినచో చల్లగా నున్నప్పుడు టకటకలాడును. కనుక అల్యూమినియము వచ్చిన పిమ్మట పిస్టన్ వేడిని అదుపులో నుంచుట మరింత అవసరమైనది.

గాలితో చల్లార్చుట చాలనిచోట నీటిని వాడరాదా? వాడిరి. పెద్ద ఓడల డీజిలు ఇంజనులలో ఒకదానిలో నొకటి జారు గొట్టములద్వారా పిస్టన్ లోనికి నీరు పంపిరి. వేడిని గ్రహించు శక్తిలో నీరు నూనెకు రెండింతలు గనుక శాస్త్రరీత్యా అదియే మేలు. కాని గొట్టపు కీళ్లవద్ద నీరు కొంచెము కారినను అడుగునున్న నూనెలో కలసి బేరింగులను చెరచును. నూనెయే కారినచో నూనెలో నూనె కలియును. నష్టము లేదు. ఈ ఒక్క కారణముచేతనే చేతగానివాడైన నూనెకు చేతనైనవాడగు నీటికంటె పైస్థానము లభించినది. ఓడలవారు కూడ అధికభాగము చివరకు నూనెకే మరలిరి.

నూనెధార స్పష్టమైన రూపము ధరించుట 1938వ సంవత్సరమున చూడగలము. ఆ ఏట అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ రెండు డీజిలు ఇంజనులను వెలువరించెను. రెండును రెండుఘాతముల ఇంజనులే. అనగా ప్రతి చుట్టునకు ఒక మంట. నాలుగుఘాతముల ఇంజనులో పిస్టన్‌కు చుట్టు విడిచి చుట్టు దొరకు ఊపిరి వీనిలో దొరకదు. బస్సులు, లారీల కొరకు చేసిన 71 వరుస ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు పొడవునను రంధ్రము తొలిచి, దాని కొనయందు చిన్న చిమ్ముగొట్టము అమర్చిరి. పంపునుండి క్రాంక్‌షాఫ్టునకు, అక్కడినుండి రాడ్డుగుండ ఎక్కిన నూనె పిస్టన్ తలక్రింద చిమ్మును. రైళ్ల కొరకు చేసిన 567 ఇంజనులో మరియొక మార్గము త్రొక్కిరి. పిస్టన్లను చల్లార్చుటకు నూనెపంపునే ప్రత్యేకముగా కేటాయించి, కదలని గొట్టములను ప్రతి సిలిండరు క్రింద నిలిపి, ఎగిరెగిరి పడు పిస్టన్ అడుగునకు గురిచూచి ధార కొట్టించిరి. 1962లో మన రైల్వేలకు వచ్చిన డబ్ల్యు.డి.ఎం. 4 ఇంజనులు ఈ కుటుంబమువే. తరువాతి కార్లు అనుసరించినది ముఖ్యముగా ఈ రెండవ మార్గమునే. కదలని గొట్టము, కదలు గురి.

కార్లకు ఈ సాధనము వెంటనే అవసరము కాలేదు. లీటరునకు 30, 40 అశ్వశక్తులతో తృప్తిపడు ఇంజనులో పిస్టన్ వేడిని రింగులే మోసెడివి. గాలితో చల్లబడు పోర్షే 911 కారు శక్తి పెరుగగా, 1970 దశకపు తొలి సంవత్సరములలో దాని క్రాంక్‌కేసునందు నూనెచిమ్ములు అమరినవి. నీరే లేని ఇంజనులో నూనె పైన భారము సహజముగనే హెచ్చు. కాని సామాన్య గృహస్థుని కారులోనికి ఈ పద్ధతి వచ్చుటకు దారితీసినది టర్బో డీజిలు. అందుకు కారణము ఒక చట్టము.

చమురు కరవు చూచిన అమెరికా 1975లో చట్టము చేసి, ప్రతి కంపెనీ అమ్ము కార్లన్నిటి సరాసరి ఇంధనపు ఖర్చునకు 1978నుండి హద్దు విధించెను. పెద్ద కార్లమ్ము మెర్సిడెస్ వారికి ఇది గట్టి దెబ్బ. వారివద్ద అయిదు సిలిండర్ల 3 లీటర్ల డీజిలు ఇంజను కలదు. పొదుపరియేగాని 80 అశ్వశక్తితో పెద్ద కారును లాగలేదు. విడుదలైన పొగ శక్తితోనే గాలిని అధికముగా లోనికి దట్టించు టర్బో పంకాను దానికి తగిలించినచో శక్తి పెరుగును; శక్తితో పాటు పిస్టన్ మీది మంటయు పెరుగును. 1976 జూన్‌లో ఇటలీ దక్షిణకొననున్న నార్డో వలయపథమున సి-111 అను ప్రయోగపు కారులో ఆ ఇంజనును పరీక్షించిరి. 190 అశ్వశక్తుల వరకు పెంచిన ఆ ఇంజను పగలు రాత్రి సుమారు 60 గంటలు పరుగెత్తి, గంటకు 252 కిలోమీటర్ల సరాసరి వేగముతో పదహారు ప్రపంచరికార్డులు నెలకొల్పెను. దీని గృహస్థ రూపమగు 115 అశ్వశక్తుల ఇంజనుతో 300 ఎస్.డి. కారు 1978లో అమెరికా విపణిలో ప్రవేశించెను. టర్బో డీజిలుతో అమ్మకమునకు వచ్చిన తొలి ప్రయాణికుల కారు అదియే. అందు ప్రతి పిస్టన్ క్రింద ఒక నూనెచిమ్ము కలదు. పిస్టన్ తలలో నూనె తిరుగుటకు వలయాకారపు కాలువయు కలదు. ఆ కార్లు లక్షల కిలోమీటర్లు నడిచి దీర్ఘాయువులని కీర్తి గొన్నవి. ఈ వంశపు నాలుగు సిలిండర్ల ఇంజను తరువాత మన దేశమున బజాజ్ టెంపో వారి చేతిలో తయారై, పల్లెదారులలో ప్రయాణికులను నింపుకొని తిరుగు ట్రాక్స్ బండ్లను లాగినది.

ఆ వలయపు కాలువను తొలుచుట యెట్లు? పిస్టన్ తల లోపల, ఏ పనిముట్టును దూరజాలని చోట అది ఉండవలెను. ఉపాయము మన వంటింటిలోనే కలదు: ఉప్పు. ఉప్పును అదిమి గట్టి వలయముగా చేసి అచ్చులో నిలిపి, దాని చుట్టు కరిగిన అల్యూమినియము పోయుదురు. ఉప్పు అల్యూమినియము కంటె హెచ్చు వేడిమికి గాని కరుగదు గనుక చెక్కుచెదరదు. లోహము గడ్డకట్టిన పిమ్మట చిన్న రంధ్రము తొలిచి, నీరు చిమ్మి, ఉప్పును కరిగించి కడిగివేయుదురు. ఉప్పున్న చోట కాలువ మిగులును. ఒక రంధ్రమున నూనెధార జొరబడును, మరియొక రంధ్రమున కాగిన నూనె జారిపోవును. కాలువ ఎన్నడును పూర్తిగా నిండరాదు. సగము నీరున్న సీసాను కుదిపినచో లోపలి నీరు అన్ని గోడలకు ఎగిరి తగులునట్లు, పిస్టన్ ప్రతి మరలింపునకు నూనె కాలువ పైకప్పునకు, అడుగునకు ఎగిరి కొట్టుకొని వేడిని ఒరసి తీసికొనును. నిండిన సీసాలో ఆ కుదుపు ఉండదు. నూనెచే గ్రహింపబడిన వేడి అడుగు తొట్టికి చేరి, అక్కడినుండి నూనెను చల్లార్చు చిన్న రేడియేటరు ద్వారా గాలిలో కలియును. జారిపోవు నూనెలో కొంత పిస్టన్ పిన్నును, సిలిండరు గోడను తడుపును. చల్లార్చుట ముగిసిన చోట కందెన పని మొదలగును.

చిమ్ము చూచుటకు అల్పమైన వస్తువు. వంకర తిరిగిన సన్నని గొట్టము. దాని కన్నము ఒకటి రెండు మిల్లీమీటర్లు. లోపల ఒక స్ప్రింగు, ఒక చిన్న ఉక్కుగుండు. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు నూనె ఒత్తిడి తక్కువ. అప్పుడు చిమ్ములు కూడ నూనెను త్రాగినచో బేరింగులు ఎండిపోవును. కావున ఒత్తిడి ఒక హద్దు దాటువరకు గుండు దారి మూసియుంచును; వేగము పెరిగి ఒత్తిడి హెచ్చగనే తెరచును. నీరు తక్కువైన కాలమున ముందు తాగునీటికి, తరువాత పొలమునకు అని ఊరిచెరువు తూము వద్ద నిర్ణయించుకొనుట వంటిదే ఇది. ఉన్న నూనె ఒక్కటే, అడుగువారు ఇద్దరు. ఈ పంపకము సరిగా జరుగుటపైననే ఇంజను ప్రాణము ఆధారపడియున్నది.

గృహస్థులు గమనింపదగిన విషయము ఇచ్చట కలదు. నూనెను కాలమునకు మార్చనిచో అందు మసియు బంకయు చేరును. ఆ బంక ముందుగా అడ్డుపడునది ఇట్టి సన్నని కన్నములకే. బేరింగునకు నూనె తగ్గినచో శబ్దము వినబడును, ఒత్తిడి దీపము వెలుగవచ్చును. ఒక చిమ్ము మూసికొనిపోయినచో ఒత్తిడి తగ్గదు, దీపము వెలుగదు. ఆ ఒక్క పిస్టన్ మాత్రము రహస్యముగా కాగుచుండును. బరువుతో ఘాటురోడ్డు ఎక్కునాడు దాని తల పగులును. మొబిలాయిలు ఖర్చు వాయిదా వేసి ఆదా చేసితిమనుకొన్న యజమాని మొత్తము ఇంజను విప్పించుకొనవలసి వచ్చును.

ఇటీవలి కాలమున చిమ్మును మూయుట కూడ ఒక విద్యయైనది. ఇంజను ఇంకను చల్లగా నున్నప్పుడు పిస్టన్‌ను నూనెతో తడిపినచో అది వేడెక్కుట ఆలస్యమగును, పెట్రోలు సరిగా కాలక మసి పెరుగును; పంపు శ్రమయు వ్యర్థము. 2010 దశకమున వోక్స్‌వాగన్ వారు తమ టర్బో పెట్రోలు ఇంజనులలో చిమ్ములను విద్యుత్తుతో మూసి తెరచు ఏర్పాటు చేసిరి. ఇంజను వేడిమి, వేగము, బరువు కొలిచి, ఎప్పుడు చల్లవలెనో యంత్రమే నిర్ణయించును. స్ప్రింగు, గుండుగల పాత చిమ్ములు కూడ ఇంకను లక్షలకొలది ఇంజనులలో పనిచేయుచునే యున్నవి.

వీనిని విప్పి బిగించు మెకానిక్కు చేతికి ఓర్పు కావలెను. పిస్టన్‌ను దించునప్పుడు రాడ్డు తగిలి చిమ్ముగొట్టము వెంట్రుకవాసి వంగినను ధార కాలువ రంధ్రమును తప్పి ప్రక్కకు కొట్టును. పైకి ఇంజను యథాప్రకారము నడచుచునే యుండును. అందుచే అనుభవజ్ఞులు బిగించుటకు ముందు సన్నని తిన్నని తీగను చిమ్ములో దూర్చి, దాని కొన పిస్టన్ అడుగున ఏ చోటికి చూపుచున్నదో ఒక్కొక్కదానికి సరిచూచి, ఆ పిమ్మట అడుగు చాంబరు మూయుదురు.